రాయి లేని సీమలో రాతి అచ్చు

శనివారం

కోనసీమలో రాయి దొరకదు. అంతా గోదావరి మోసుకొచ్చి పోసిన ఒండ్రు. నుయ్యి తవ్వినా చెరువు తవ్వినా బంకమన్నూ ఇసకా తప్ప గునపానికి ఖంగుమని ఏదీ తగలదు. అలాంటి చోట, రాజోలు అవతల ఒక పల్లెటూళ్లో, పాత కొబ్బరి కొట్టులో లిథో ప్రెస్సు, అంటే రాతి మీద బొమ్మ వేసి అచ్చు తీసే ప్రెస్సు, పెట్టారనీ, జర్మనీ రాళ్లు తెచ్చి పేర్చారనీ, బొమ్మలు వేసేవాళ్లు వచ్చి నాలుగు రోజులుండి పనిచేసుకోవచ్చనీ కబురొచ్చింది. నేను పత్రికలకి బొమ్మలు వేసి బతికేదాన్ని. నా బొమ్మలు వేల కాపీలు అచ్చయి ఉంటాయి గానీ, వాటిలో ఒక్కటి కూడా నా చేత్తో తీసింది కాదు. అందుకే వరదల రోజులని తెలిసి కూడా బయల్దేరాను.

రాజమండ్రిలో దిగి ముందు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లాను. గోదావరి వైపు బొమ్మల ఊసు ఎత్తితే ఇక్కణ్నుంచే మొదలెట్టాలి. ఆయన 1897లో ఈ ఊళ్లోనే పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతిలో ఉన్న విద్యని కనిపెట్టి, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకి వెళ్లేలా చూశారు. అడివి బాపిరాజుకీ ఆ దొరగారే గురువు. రామారావు 1925లో, 28 నిండకుండానే, మశూచితో పోయారు. ఆ గోడలు చూస్తే ఇంత పని ఎప్పుడు చేశారా అనిపిస్తుంది. నేను మాత్రం రంగుల బొమ్మల కంటే పెన్సిలు స్కెచ్‌ల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. చెయ్యి ఎక్కడ తడబడిందో, ఎక్కడ తెగించిందో రంగు దాచేస్తుంది, పెన్సిలు దాచదు.

ధవళేశ్వరంలో బ్యారేజీ దగ్గర ఆగాను. ఎర్రనీరు గేట్ల కింద నుంచి ఒకటే రొద. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పాత ఆనకట్ట పూర్తి చేయించాడు. దానికి కావలసిన రాయి పక్కనున్న ధవళేశ్వరం కొండలో తవ్వారు, మోయడానికి పట్టాలు కూడా వేశారు. ఇక్కణ్నుంచి కిందికి వెళ్తే మళ్లీ రాయన్నది లేదు. నీటిమట్టం చూసుకోవడానికి జనం మూగి ఉన్నారు. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంక గ్రామాల వాళ్లకి ఈ అంకెలు కంఠతా వచ్చు.

దారిలో ర్యాలి వెళ్లాను. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ఒకే రాయి. ఎదురుగా చూస్తే కేశవుడు, వెనక్కి వెళ్తే కొప్పు ముడితో సహా మోహిని. పూజారిగారు దీపం పట్టుకుని వెనకవైపు చూపిస్తూ, "ముందు చూసినవాళ్లు సగమే చూసినట్టండి" అన్నారు. రాయి కోసమే బయల్దేరిన మనిషిని, నాకు ఆ మాట నచ్చింది.

ఆదివారం

స్టూడియో ఒక మండువా ఇంటి పెరట్లో ఉంది. ఒకప్పుడు దింపు కాయలు రాశి పోసుకున్న కొట్టది. పెంకులు మార్చి, గచ్చు చేయించి, గోడవార తొట్టి కట్టించారు. ఎన్నిసార్లు సున్నం వేశారో గానీ పీచు వాసన మాత్రం పోలేదు. ఆ ఇంటి పెద్దావిణ్ని ఊరంతా మామ్మగారంటుంది, మేమూ అదే అన్నాం. ఈ స్టూడియో ఆలోచన బొంబాయిలో ఉన్న మనవడిది. వంటా, మంచాలూ, దోమతెరలూ, మా తగువులు తీర్చడమూ మామ్మగారివి.

పని నేర్పేది మాస్టారు. బరోడాలో చదివి, ఢిల్లీలో చాలాకాలం ప్రింట్లు తీసి, రిటైరయ్యాక ఇటొచ్చారు. నాతోపాటు వైజాగ్ నుంచి ఒక అమ్మాయి, శాంతినికేతన్‌లో చదువుకుంటున్న ఒక కుర్రాడు, నరసాపురం వైపు నుంచి ఒక సైన్‌బోర్డు ఆర్టిస్టు. ఫ్లెక్సీలు వచ్చాక ఆయనకి పని తగ్గింది. మేమంతా ఆయన్ని బాబాయ్ అనేశాం. వరదకి సఖినేటిపల్లి పంటు ఆపేస్తే, పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి చుట్టూ తిరిగొచ్చారు.

రాళ్లు చెక్క అరల్లో నిలబెట్టి ఉన్నాయి. కొన్ని పచ్చటివి, కొన్ని బూడిదరంగువి. పచ్చ రాయి మెత్తన, బూడిద రాయి గట్టి. సన్నపని చేయాలంటే బూడిదదే తీసుకోవాలి. 16 అంగుళాల వెడల్పు, 20 పొడుగు, 3 మందం ఉన్న రాయి 40 కిలోలు తూగుతుంది. ఇద్దరు పట్టనిదే బల్ల మీదికి రాదు.

"ఇదీ ఒకప్పుడు బురదేనమ్మాయ్" అన్నారు మాస్టారు. బవేరియాలో జోల్న్‌హోఫెన్ అనే చోట, ఇంచుమించు 15 కోట్ల ఏళ్ల కిందట, కదలిక లేని ఉప్పునీటి మడుగుల అడుగున పేరుకున్న సున్నపు బురద ఇలా గట్టిపడింది. అందుకే రేణువు అంత సన్నం. 1861లో ఆ రాతి పొరల్లోనే ఈకలున్న ప్రాణి శిలాజం బయటపడితే శాస్త్రవేత్తలు దానికి అర్కియోప్టెరిక్స్ లిథోగ్రాఫికా అని పేరు పెట్టారు. మన నాపరాయి కూడా సున్నపురాయే గానీ, దానికి ఈ సన్నదనం లేదు. మ్యూనిక్‌లో నాటకాలు రాసుకుంటూ, వాటిని అచ్చు వేయించుకునే డబ్బుల్లేక తంటాలు పడ్డ అలోయిస్ సెనెఫెల్డర్ 1796 నుంచీ ఈ రాళ్లతో కుస్తీ పట్టి ఈ విద్య కనిపెట్టాడు. ఇందులో చెక్కడం లేదు, ఎత్తుపల్లాలు లేవు. జిడ్డుకీ నీటికీ పడదన్నది ఒక్కటే సూత్రం. జిడ్డు పెన్సిలుతో గీసిన చోట సిరా అంటుకుంటుంది, తడి ఉన్న చోట అంటుకోదు.

ప్రెస్సు మాత్రం ఒక్కటే. గోడకి నల్లబల్ల, దానిమీద సుద్దతో పేర్లు. శివారు చేలకి కాలవ నీళ్లు వంతులవారీగా వదిలినట్టే ఇక్కడ ప్రెస్సుకీ వంతులు. ఒకరి వంతు నడుస్తుంటే మిగతావాళ్లంతా కూలీలే. ఒకరు స్పాంజి పట్టాలి, ఒకరు కాయితం అందించాలి, ఒకరు చక్రం తిప్పాలి. ఇంట్లో ఒంటరిగా కూర్చుని బొమ్మలు వేసుకునే నాలాంటివాళ్లకి మొదట్లో ఇది ఇబ్బందే.

నాకిచ్చిన రాయి మీద అంతకుముందు వచ్చినవాళ్లెవరో వేసిన అరటిగెల ఇంకా ఉంది. దాన్ని నేనే చెరపాలి. రాయి తడిపి, 100 నంబరు కార్బొరండం పొడి చల్లి, పైన లెవిగేటర్ పెట్టి తిప్పాలి. పక్కకి పిడి ఉన్న బరువైన ఇనప బిళ్ల అది. 8 అంకె వేస్తున్నట్టు, మూలలు వదలకుండా, బూడిదరంగు గుజ్జు వచ్చేదాకా తిప్పడమే. కడగడం, మళ్లీ పొడి చల్లడం. తర్వాత 180, చివరికి 220. నంబరు మారినప్పుడల్లా రాయి, తొట్టి, చేతులు అన్నీ కడుక్కోవాలి. ఒక్క ముతక రేణువు మిగిలినా గీత పడుతుంది. అరటిగెల పైకి పోయినట్టే కనిపించింది గానీ తడిపితే లేత నీడలా తేలింది. జిడ్డు లోపలికి ఇంకి ఉంటుంది కదా. మళ్లీ అరగదీశాం. చివర్న ఇనప స్కేలు నిలువుగా ఆనించి, కింద పల్చటి కాయితం ముక్కలు పెట్టి లాగి చూశారు మాస్టారు. అన్ని చోట్లా ఒకేలా బిగిస్తే రాయి సమంగా ఉన్నట్టు. మధ్యలో ఒకటి వదులుగా వచ్చింది. "గుంట పడింది. భోంచేసి రండి" అన్నారు. భోజనం తర్వాత ఏం చేశానో చెప్పనక్కర్లేదు.

సోమవారం

బొమ్మ వేసే రోజు. నేను లాకుల దగ్గర గేటు చక్రం తిప్పే లస్కరుని ఎంచుకున్నాను. పొద్దున్నే వెళ్లి స్కెచ్ తెచ్చుకున్నాను. అచ్చులో అంతా అటుదిటు అవుతుంది కాబట్టి కుడిచెయ్యి ఎడమచెయ్యి కాకూడదంటే రాతి మీద తిప్పి వేయాలి. అందుకని బల్లకి ఎదురుగా అద్దం పెట్టారు. స్కెచ్‌ని అద్దంలో చూసుకుంటూ గీసుకోవాలి.

బాబాయ్‌కి ఆ అద్దంతో పనే పడలేదు. ముప్పై ఏళ్లు కొట్ల అద్దాల మీద లోపలివైపు నుంచి అక్షరాలు రాసిన చెయ్యి. "శ్రీ" దగ్గర్నుంచి ఒత్తులూ గుణింతాలూ అన్నీ వెనకనుంచి ముందుకి, ఒక్క గీటు లేకుండా, గబగబా రాసుకుంటూ పోయారు. ఆయన బొమ్మంతా ఒక కిరాణా కొట్టు బోర్డే. శాంతినికేతన్ కుర్రాడు తన పని ఆపేసి పక్కన కూర్చుని చూశాడు. నాకైతే ఈ యాత్రలో చూసిన పనితనంలో అదే పైది. ఫ్లెక్సీ మిషన్లని తిట్టడం దండగ గానీ, ఇలాంటి చెయ్యి ఖాళీగా ఉండటం మాత్రం నష్టమే.

పెన్సిలంటే మామూలు పెన్సిలు కాదు. మైనం, కొవ్వు, సబ్బు, లక్క, దీపం మసి కలిపి చేసిన కడ్డీ. నంబరు పెరిగేకొద్దీ గట్టి, జిడ్డు తక్కువ. రాతి మీద మన చెయ్యి ఆనకూడదు, ఆనితే ఒంటి జిడ్డు కూడా బొమ్మయిపోతుంది. రెండు దిమ్మల మీద చెక్క వంతెన వేసి దానిమీద మణికట్టు పెట్టుకుని గీస్తాం. ఆగస్టు ఉక్కలో చెమట బొట్టు పడకుండా తలకి తువ్వాలు చుట్టుకున్నాం.

వైజాగ్ అమ్మాయి టూష్‌తో, అంటే అదే జిడ్డుని నీళ్లలో కరిగించి కుంచెతో వేసే పద్ధతిలో, పడవలు వేసింది. బోరు నీళ్లు కలిపితే విరిగిపోయింది. ఇక్కడి బోర్లలో ఉప్పు, సున్నం. టూష్‌లో సబ్బు ఉంటుంది కాబట్టి ఆ నీళ్లలో ముక్కలవుతుంది. మామ్మగారు చూరు కింద బిందెలో పట్టిన వాననీళ్లు ఇచ్చారు. ఆ నీళ్లతో వేసిన పూత తేమ గాలికి మెల్లగా, గంటలకొద్దీ ఆరింది. ఆరేకొద్దీ మసి రేణువులు అంచులకి జరిగి, సన్నటి ముడతల వలలా కట్టుకున్నాయి. ఫ్రెంచివాళ్లు దీన్ని కప్ప చర్మం అంటారట. ఢిల్లీ ఎండాకాలంలో ఇంత పెద్ద ముడతలు ఎప్పుడూ రాలేదన్నారు మాస్టారు.

మంగళవారం

యాసిడ్ పని. ముందు రోజనం పొడి, ఆపైన టాల్కం అద్దారు. తర్వాత గమ్ అరబిక్, ఇదీ ఒకరకం తుమ్మబంకే, అందులో నైట్రిక్ యాసిడ్ చుక్కలు లెక్కగా కలిపి రాతినిండా పూశారు. ముదురు చోట చుక్కలెక్కువ, లేత చోట వట్టి బంక. సన్నగా నురగ కట్టింది. చెక్కుతుందేమో అనుకుంటాం గానీ కాదు, ఖాళీ చోటు నీటిని పట్టుకునేలా, గీసిన చోటు జిడ్డుని వదలకుండా రాతిని స్థిరపరుస్తుందంతే. కిటికీలన్నీ తెరిచి, మాస్టారు తప్ప ఎవరూ సీసా ముట్టుకోకుండా అయిపోయింది. మిగతా రోజంతా రాళ్లకి విశ్రాంతి, మాకు వర్షం.

బుధవారం

మొదటి వంతు వైజాగ్ అమ్మాయిది. టర్పెంటైన్ పోసి గుడ్డతో తుడిచేశారు. సోమవారమంతా కష్టపడి వేసిన పడవలన్నీ మాయం! వట్టి పచ్చ రాయి మిగిలింది. ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇలా జరుగుతుందని ముందే చెప్పారు, అయినా చూసేటప్పుడు టెన్షనే. మసి తుడిచినా జిడ్డు రాతిలోనే ఉంటుంది. తారులాంటి ఆస్ఫాల్టం పల్చగా రాసి, స్పాంజితో తడిపి, తోలు రోలర్‌తో సిరా ఎక్కించడం మొదలుపెట్టారు. తడపడం, రోలర్ నడపడం, మళ్లీ తడపడం. స్పాంజి పట్టింది నేను. తడి ఆరితే ఖాళీ చోట కూడా సిరా పట్టేస్తుంది, ఎక్కువైతే సిరా ఎక్కనే ఎక్కదు. ఎదుటివాళ్ల బొమ్మ నా చేతిలో ఉందన్న భయంతో నా బొమ్మకి కూడా అంత ఒళ్లు దగ్గర పెట్టుకోలేదు. మొదట తెరచాప కొస తేలింది, తర్వాత పడవ అంచులు, ఆ తర్వాత ముడతల నీళ్లు.

దాంతోపాటు ఆకాశంలో, కుడివైపు మూలన, ఎవరూ వేయనిది ఇంకొకటి తేలింది. వేలిముద్ర. గీతలన్నీ వరసగా, సుడితో సహా, పోలీసులు తీసుకున్నంత స్పష్టంగా. ఆదివారం మాతోపాటు రాళ్లు మోసిన ఆ ఊరి కుర్రాడు తన బొటనవేలు పక్కన పెట్టి చూసుకున్నాడు. "నాదేనండక్కా. పొద్దున్నే తలకి కొబ్బరినూనె రాసుకునొచ్చేనండి" అన్నాడు. బిక్కచచ్చిపోయాడు పాపం. నున్నటి రాతి ముక్కతో గీకి మళ్లీ యాసిడ్ పెడితే పోతుందన్నారు మాస్టారు. వైజాగ్ అమ్మాయి కాసేపు చూసి ఉంచేద్దామంది. మధ్యాహ్నానికల్లా వాడు ఊరంతా చెప్పేశాడు. మామ్మగారు మాత్రం, "ఏ కాయితం మీదరా పెట్టించుకున్నారు నీ వేలిముద్ర? పొలం కాయితం కాదు కదా" అని ఆరా తీశారు.

ఉక్కకి సిరా పల్చబడి, సాయంత్రానికి ఖాళీ చోట్ల మసి పట్టడం మొదలైంది. సిరాలో మెగ్నీషియం కార్బొనేట్ పొడి కలిపి గట్టిపరిచారు, స్పాంజి నీళ్లలో కాస్త బంక చేర్చారు. అప్పటికి దారికొచ్చింది.

గురువారం

రాత్రి రెండో హెచ్చరిక దాటిందని ఫోన్లు. మేమున్న ఊరు ఏటిగట్టుకి ఇవతలే గానీ, లంకల్లోంచి పశువుల్ని గట్టు మీదికి తోలుకొస్తున్నారు. 1986 వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో మామ్మగారు అరుగు మీద చెయ్యి పెట్టి చూపించారు. కరెంటు లేదు. చేత్తో తిప్పే ప్రెస్సుకి కరెంటుతో పనిలేదు కాబట్టి తలుపులన్నీ తీసి, పగటి వెలుతుర్లో నా వంతు మొదలుపెట్టారు.

సిరా పట్టిన రాతి మీద కాయితం, దానిమీద మెత్తకి ఇంకొన్ని కాయితాలు, ఆపైన గ్రీజు రాసిన టింపన్ షీటు. తోలు పట్టీ తొడిగిన చెక్క స్క్రేపర్ పైనుంచి అదుముకుని ఉంటే, దాని కిందుగా రాయిని, అది పెట్టిన ప్రెస్సు మంచంతో సహా జరపాలి. తిప్పేవాళ్లు మధ్యలో ఆగకూడదు, ఆగితే అక్కడ అడ్డగీత. బాబాయ్ చక్రం తిప్పారు, వైజాగ్ అమ్మాయి స్పాంజి, శాంతినికేతన్ కుర్రాడు శుభ్రమైన చేతుల డ్యూటీ, అంటే కాయితం తప్ప ఇంకేదీ ముట్టడు. నేను రోలర్. సిరా సరిగ్గా ఉంటే రోలర్ కింద సన్నగా చిటపటలాడుతుంది. ఆ చప్పుడు మారిందంటే సిరా తక్కువైనట్టో, తడి ఎక్కువైనట్టో. మధ్యాహ్నానికి దాన్ని చెవితోనే పోల్చుకోగలిగాం.

విశ్రాంతిలో మాస్టారు కృష్ణారెడ్డిగారి మాట ఎత్తారు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, పారిస్‌లో హేటర్ నడిపిన అతెలియే 17 అనే ప్రింట్ల స్టూడియోలో చేరి, తర్వాత దాన్ని నడిపించినవాళ్లలో ఒకరయ్యారు. ఆయనది లిథో కాదు, లోహపు రేకు. ఒకే రేకు మీద చిక్కదనం వేరువేరుగా ఉన్న రంగుల్ని ఒకదాంతో ఒకటి కలవకుండా ఎక్కించే పద్ధతి అక్కడే తయారైంది. "అది ఒక్కడి బుర్రలోంచి ఊడిపడింది కాదర్రా. పదిమంది ఒకే సింకు దగ్గర చేతులు కడుక్కునే చోట పుట్టింది" అన్నారు మాస్టారు. స్టూడియోల గురించి చాలామంది చాలా చెప్తారు గానీ ఈ సింకు మాట నాకు బాగా ఎక్కింది.

శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. మధ్యాహ్నందాకా ప్రెస్సు ముట్టొద్దని మామ్మగారి ఆర్డరు. వరద కొద్దిగా తీసింది. పేరంటాళ్లు వచ్చి వాయనాలు పుచ్చుకుని, పనిలో పనిగా స్టూడియో కూడా చూసి వెళ్లారు. లస్కరు బొమ్మ చూసి ఒకావిడ, "మా ఆడపడుచు మావగారిలా ఉన్నారండి" అంది. ఇంతకంటే మంచి సమీక్ష నాకెప్పుడూ రాలేదు.

పూజగదిలో లక్ష్మీదేవి పటం ఉంది. తామరపువ్వు మీద నిలబడ్డ దేవి, చీరకి నిజం జరీ, తళుకులు కుట్టి ఉన్నాయి. మాస్టారు అనుమతి అడిగి, భూతద్దం పెట్టి చూశారు. తర్వాత మాకు ఇచ్చారు. దూరానికి నున్నగా కనిపించే చెంప దగ్గరికెళ్తే వట్టి చుక్కలు. గులాబీ, గోధుమ, అక్కడక్కడ నీలం. ఆఫ్‌సెట్ బొమ్మలో చుక్కలు వరసల్లో ఉంటాయి, ఇవి వరసలో లేవు. ఎవరో కూర్చుని, ఒక్కొక్క రంగుకి ఒక్కొక్క రాయి మీద, చేత్తో పెట్టిన చుక్కలు. ముక్కుపుడక కింద నీడ కోసం నాలుగైదు నీలం చుక్కలు పెట్టి వదిలేశాడు ఆ మహానుభావుడు. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టాక ఇలాంటి పటాలు ఇంటింటికీ చేరాయి. ఆ ప్రెస్సు తర్వాత లోనావ్లా దగ్గరి మళవ్లీకి మారి, ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ చేతికి వెళ్లింది. గుడి గడప తొక్కనివ్వని వాళ్ల ఇళ్లలోకి కూడా లక్ష్మీ సరస్వతులు వెళ్లింది ఈ కాయితాల మీదే. ఇప్పుడు పత్రికలు అచ్చయ్యే ఆఫ్‌సెట్‌ది కూడా ఇదే జిడ్డూ నీళ్ల సూత్రం, రాయి బదులు రేకు. అంటే నా బొమ్మలన్నీ ఇన్నాళ్లూ లిథోకి మనవల దగ్గరే అచ్చయ్యాయన్నమాట.

"చూసింది చాలు, శనగలు తినండి" అన్నారు మామ్మగారు.

శనివారం

ప్రింట్ల కింద పెన్సిలుతో అంకెలు వేశాం. 3/10 అంటే పదింటిలో మూడోది. స్టూడియోకి ఒకటి, పనిచేసినవాళ్లకి తలా ఒకటి ఇవ్వడం ఇక్కడి కట్టుబాటు. వేలిముద్ర ఉన్న పడవల ప్రింటు ఒకటి ఆ కుర్రాడికీ ఇచ్చారు. వాడు దాన్ని గొట్టంలా చుట్టబోతే నలుగురం ఒకేసారి అరిచాం.

నల్లబల్ల మీద వచ్చే వారం పేర్లు అప్పుడే ఎక్కాయి. నా లస్కరు ఉన్న రాయి కాకినాడ నుంచి రాబోయే ఒకాయనకి కేటాయించారు. ఎడిషన్, అంటే అనుకున్నన్ని ప్రింట్లు, పూర్తయ్యాక రాయి చెరిపేయాలి, ఇక కాపీలు తీయకూడదన్నది ఈ పనిలో నియమం. నేనుండగానే 100 నంబరు పొడి చల్లారు. మొదటి చుట్టు నన్నే తిప్పమంటే తిప్పాను. మిగతాది ఆయన వచ్చి చూసుకుంటాడు.

బస్సులో కండక్టరు నా అట్టపెట్టె చూసి ఆగాడు.

"ఏటండీ అందులో?"

"బొమ్మలండి."

"అద్దాలున్నాయాండి?"

"లేవండి, వట్టి కాయితాలే."

"మరైతే పైనెట్టేయండి, ఏం కాదు."

పైన కిటికీ సందులోంచి నీళ్లు కారుతున్నాయి. లగేజీ టికెట్ కొట్టమని, రావులపాలెం దాకా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను.